మాడు చెక్క

మూత తియ్యొద్దంది ముసలామె. ఇంకో గంట పడుతుందంది. గంటంటే ఎంతసేపు అని అడిగాను. గంటంటే గంటే అంది. నా గడియారంలో పదకొండు. కోడూరు సెంటర్లో పన్నెండింటికి బస్సు. అది తప్పితే మళ్ళీ రెండున్నరకి. రెండున్నర దాన్ని పట్టుకుని అవనిగడ్డలో ఒకటి, పామర్రులో ఒకటి మారి గుడివాడలో దిగేసరికి ఆరు దాటుతుంది. కూడిక నాలుగింటికి. నా భార్య సువర్ణ పోయి ఈ రోజుకి ఏడాది. పాస్టరు గారొస్తారు, సంఘం వస్తుంది, పాట, ప్రార్థన, ఆ తర్వాత పోయిన మనిషి గురించి ఒక్కొక్కరూ లేచి నాలుగు మాటలు చెప్పాలి. మొదట లేవాల్సింది మొగుడు. మా సంఘంలో అది పద్ధతి. భూస్థాపన రోజు నేను లేచాను, నిలబడ్డాను, ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. దుఃఖం అనుకున్నారు జనం. హేమ అనుకోలేదు. కూతురు కదా, దానికి తెలుసు. వారం కింద ఫోన్ చేసింది. "అమ్మ గురించి నీకు తెలిసింది ఒక్కటి చెప్పు నాన్నా. ఒక్కటి చాలు. అమ్మకి ఏం తినడం ఇష్టమో అదయినా చెప్పు. చెప్పలేనంటే కూర్చో. మార్కు మావయ్య లేస్తాడు ముందు." మార్కు నా బావమరిది. వాడు నాకంటే ముందు లేవడమా. తాటిరొట్టె అన్నాను. నోటికి ఎలా వచ్చిందో వచ్చింది.  "అయితే తెచ్చిపెట్టు, అందరం తింటాం," అని పెట్టేసింది. నమ్మలేదు. నమ్మనివాళ్ళకి చెప్పి లాభం లేదు, తెచ్చి ముందు పెట్టాలి.

పాక ముందు బెంచీ ఒకటి. చెక్క అరిగి నున్నగా ఉంది. దాని మీద కూర్చున్నాను. రెండు గజాల దూరంలో పొయ్యి. నేలలో గుంట, గుంటలో ఊక, ఊక మీద మందపాటి ఇత్తడి గిన్నె, గిన్నె మీద మూత, మూత మీద నిప్పులు. రాత్రి పెట్టిందట. పైన నిప్పులు బూడిదయ్యాయి. కింద ఊక ఇంకా లోపల్లోపల కాలుతోంది. ఆ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర ఊక ఎగదోసినవాణ్ణి. ఊక పైకి చల్లగా కనిపిస్తుంది. చల్లగా ఉంది కదా అని కాలు పెట్టినవాడికి మోకాలిదాకా తోలు ఊడి రావడం చూశాను. దాన్ని తొందరపెడితే పొగ తప్ప సెగ రాదు. అందుకే ముసలామెతో వాదించలేకపోయాను. ఇంకో రకం పొయ్యి అయితే మూత నేనే లాగేవాణ్ణి. ఇప్పుడు తీస్తే ఆవిరంతా పోయి రొట్టె మధ్యలో కూలుతుంది, పచ్చి పిండి మిగులుతుంది. తెలిసిన పని కాబట్టి నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

నాలుగు రోజుల్నించి తిరుగుతున్నాను. గుడివాడలో తాటిరొట్టె అంటే దిబ్బరొట్టె చూపించారు. బందరులో కొట్టతను లడ్డు పెట్టనా, హల్వా పెట్టనా అన్నాడు. తాటిరొట్టె మా నాయనమ్మతోనే పోయిందండీ అని నవ్వాడు. నవ్వడానికేముంది అందులో. చల్లపల్లిలో లేదు. కూచిపూడిలో దిగి అడిగితే ఒకామె చలికాలం రండి, తేగలు దొరుకుతాయి అంది. తేగలు వేరు రొట్టె వేరు, ఇది పండు గుజ్జుతో చేసేది అని దానికి నేను చెప్పాలి. నిన్న అవనిగడ్డ బస్టాండు బయట తాటిపళ్ళు పోసుకుని కూర్చున్న మనిషి చెప్పింది, కోడూరు అవతల కాలవగట్టు మీద మహాలక్ష్మమ్మ అని చేపలవాళ్ళావిడ, శనివారం శనివారం వేస్తుంది అని. కోడూరు అనగానే వెనక్కి తిరిగాను. పది అడుగులు వేసి మళ్ళీ తిరిగాను. ఇరవైరెండేళ్ళుగా నేను అడుగు పెట్టని ఊరు. సువర్ణ పుట్టిన ఊరు. మార్కు ఊరు. వాడిప్పుడు బందరులో ఉంటున్నాడు కాబట్టి వచ్చాను. వస్తుంటే రోడ్డుకి రెండు వైపులా రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్మే చక్రాల రొద, బస్సు కిటికీలోంచి ఉప్పు గాలి. వెనకటికి ఇటు వస్తే ఎటు చూసినా తాటిచెట్లే. ఉప్పెనకి నిలబడ్డవి కూడా చెరువుల కోసం కొట్టేశారు. ఈ గట్టు మీద మాత్రం పదో పన్నెండో ఉన్నాయి. దబ్బుమని పండు రాలిన చప్పుడు. ముసలామె తల తిప్పి ఎక్కడ పడిందో చూసి మళ్ళీ చేటలోకి వంగింది. ఎండు రొయ్యలు ఏరుతోంది.

నాకు తాటిరొట్టె తెలిసింది ఒకే ఒక్క రోజు. పెళ్ళయిన ఏడు. గుడివాడలో అద్దె గది. డ్యూటీ దిగి వచ్చాను, కనుబొమల్లో కూడా ఊక. తలుపు తియ్యగానే మాడు వాసన. పన్నెండు గంటలు నిప్పు ముందు నిలబడి వచ్చినవాడికి ఇంట్లోనూ అదే. పళ్ళెంలో గుండ్రంగా ఏదో ఉంది, పైన నల్లగా. మాడబెట్టావా అన్నాను. అది కాదండీ, ఇది అలాగే, అంది. అలాగే ఏమిటో వినలేదు. పళ్ళెంతో సహా గుమ్మం అవతలికి విసిరాను. ఆ పళ్ళు ఎవర్ని అడిగి తెచ్చుకుందో, ఎంతసేపు పిసికిందో, అరచేతులు పసుప్పచ్చగా వారం రోజులు అలాగే ఉన్నాయి, ఆ చేతులతోనే అన్నం వడ్డించేది, చూసేవాణ్ణి, ఏమీ అనేవాణ్ణి కాదు. ఆవేళ బయటికి వెళ్ళింది. ముక్కల్లోంచి నల్లవి ఏరుకుంది. మెట్టు మీద నాకు వీపు పెట్టి కూర్చుని తింది. కరకర చప్పుడు. నన్ను సాధించడానికే అనుకున్నాను. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ చప్పుడే. నాకూ హేమకీ తెల్లటి అన్నం పెట్టి, గిన్నె అడుగు గరిటెతో గీకి, ఆ మాడు కొరుక్కుంటూ కూర్చునేది. మాడిన అట్టు తనే వేసుకునేది. నీ ఇంట్లో నా బతుకు ఇదీ అని నోరు తెరవకుండా నాకు చెబుతోందని నా నమ్మకం. ఒకసారి ఆమె కంచం లాక్కుని ఆ మాడు పారబోసి నా అన్నంలో సగం తోశాను. తినలేదు. లేచి చెయ్యి కడుక్కుంది. ఎంత పంతం అనుకున్నాను. హేమ అప్పుడు ఎనిమిదో తరగతి. నా వంక చూసి, తనూ లేచింది.

"ఏ ఊరు బాబూ మనది?" అంది మహాలక్ష్మమ్మ తలెత్తకుండా.

"గుడివాడ."

"అంత దూరం నుంచి దీని కోసమా! మా కుర్రకారు ఊరికే ఇచ్చినా తినరు. చేదంటారు. చేదెందుకుంటది? పీచుని మూడోసారి పిసికితే చేదు. ఇంకా వచ్చుద్దేమోనని ఆశపడకూడదు. రెండు పిసుకుళ్ళకి అవతల పారెయ్యాలి."

పదకొండూ పది.

"ఆ గడియారం చూస్తే ఊక బేగి కాలుద్దా?"

"బస్సుందమ్మా."

"బస్సులు రోజూ ఉంటయ్. గుడివాడ నుంచే ఏటా ఒకామె వచ్చేది, ఆమెకీ ఇదే తొందర. మా ఊరి పిల్లేలే. సువర్ణ అని. నువ్వు కూర్చున్న బెంచీ మీదే కూర్చునేది."

గడియారం వైపే చూస్తూ ఉండిపోయాను. ముల్లు కదిలిందో లేదో తెలియలేదు. సువర్ణలు చాలామంది ఉంటారు. గుడివాడలో సువర్ణలు వీధికొకరు ఉంటారు. ఈ ఊళ్ళో పుట్టి గుడివాడలో ఉన్న సువర్ణలు ఎంతమంది ఉంటారు. భాద్రపదం ముందు ఒక శనివారం, ప్రతి ఏడూ, అవనిగడ్డలో స్త్రీల కూటం అని వెళ్ళేది. వాక్యం, ఉపవాస ప్రార్థన, సాయంత్రానికి వచ్చేస్తానండీ. వచ్చేది. చీర నిండా ఊక పొగ వాసన. నాకు తెలియని వాసనా అది! అక్కలందరికీ వంట చేశామండీ అనేది. ఉపవాస కూటంలో వంటేమిటని అడగలేదు, ఊక మీద వంటేమిటని అడగలేదు. ఇంట్లో ఊక వాసన ఉంటే అది నాది. ఆమె చీరకి పట్టిందీ నాదే అనుకున్నాను. ఎన్ని శనివారాలు. నేను మిల్లు నుంచి వచ్చి, మూత పెట్టి ఉంచిన అన్నం తిని, ఈ మనిషికి దేవుడి పిచ్చి ఎక్కువైందని విసుక్కున్న శనివారాలు. నా మాట దాటింది. ఇరవైరెండేళ్ళ కింద ఇదే ఊళ్ళో, మార్కు ఇంట్లో, భోజనాల దగ్గర వాడు పదిమందిలో అన్నాడు, మా బావ ఊక బస్తా, నిప్పంటించినా పొగే గానీ వెలుగు రాదు అని. అందరూ నవ్వారు. సువర్ణ కూడా నవ్వింది. వాళ్ళందరి నవ్వూ మర్చిపోయాను, ఆమెది మర్చిపోలేదు. చెయ్యి కడుక్కుని, ఇక ఈ ఊళ్ళో గడప తొక్కితే నా గడప తొక్కొద్దు అన్నాను. సరే అంది. మాట ఇచ్చి తప్పింది. ఇరవయ్యేళ్ళు నా అన్నం తిని—

"ఎండలో ఎందుకే, లోపలికి రావే అంటే వచ్చేది కాదు," అంటోంది మహాలక్ష్మమ్మ. "ఈ ఊళ్ళో గడప తొక్కనని ఒప్పుకున్నా పిన్నీ, బయటే కూర్చుంటా అనేది. వానొస్తే గొడుగేసుకుని అక్కడే. తమ్ముడు బందరు నుంచి బండి మీద వచ్చేవాడు. వాడు నిలబడి, ఇది కూర్చుని. అక్కాతమ్ముళ్ళు ఏడాదికోసారి నా గుమ్మం బయట కలుసుకోవడం. మొగుడి ఆర్డరంట."

మాట తప్పలేదు. తప్పి ఉంటే బావుండేది. ఇప్పుడు దేన్ని పట్టుకుని తిట్టుకోవాలి. జేబులో ఫోను మోగింది. హేమ. మోగనిచ్చాను. పదకొండూ ఇరవై అయిదు. పొయ్యి మీద గిన్నె చిన్నగా చిటుక్కుమంది. లోపల అంచు వదులుతోంది. బాయిలరు అయితే గేజి ఉంటుంది, ముల్లు చూసి లోపల ఎంత ఉందో చెప్పొచ్చు.

"ఆయన ఎలాంటివాడట?" అన్నాను.

"ఎవరు, దాని మొగుడా? నేను చూళ్ళేదు. మిల్లులో బాయిలరు మనిషంట. ఒక్కరోజూ చెడ్డగా చెప్పలేదు, నేనే తిట్టేదాన్ని. పుట్టిన ఊరు చూడనియ్యనోడు ఏం మనిషే అని. ఊరుకో పిన్నీ, ఆయన నిప్పు ముందు పని చేసొస్తాడు, చల్లారడానికి టైం పడుద్ది అనేది. ఇరవయ్యేళ్ళు అదే మాట. ఇంకెప్పుడు చల్లారతాడే, కాష్ఠంలోనా అన్నానొకసారి. మాలో కాల్చరు పిన్నీ, పూడుస్తారు, ఇంక ఆ ఆశ కూడా లేదు అని పడీ పడీ నవ్వింది. ఆ బెంచీ మీంచి కిందపడుద్దేమో అనుకున్నా."

పడీ పడీ నవ్వింది. నా ఇంట్లో ఆమె పడీ పడీ నవ్వడం నేను వినలేదు. చేత్తో నోరు మూసుకుని నవ్వేది, నేను వస్తే అదీ ఆపేది. బెంచీ చెక్క కింద నా అరచెయ్యి ఉంది. ఎక్కడ అరిగిందో అక్కడే కూర్చున్నాను.

"వచ్చిందంటే మాడు చెక్క కోసం అక్కాతమ్ముళ్ళిద్దరూ కొట్టుకోవడమే. దానికి పసితనం నుంచీ అంతే. వాళ్ళమ్మ కోతలకెళ్తే నా దగ్గరే వదిలేది. మెత్తటి ముక్క పెట్టామా, ముట్టుకునేది కాదు. గిన్నె అడుగు గోకి ఆ నల్లటి చెక్క ఇయ్యాల్సిందే. రొట్టంటే అదే కదా పిన్నీ, మిగతాదంతా పిండే కదా అనేది. అన్నంలోనూ అంతే, మాడు గీకి పెడితే చాలు, కూర అడగదు."

ఇష్టం. అంతే. ఇష్టం కాబట్టి తింది. నన్ను సాధించడానికి కాదు, హేమకి మంచిది పెట్టడానికి కాదు, నా ఇంట్లో తన బతుకు ఇదని లోకానికి చూపించడానికి కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ కరకర విన్నప్పుడల్లా నా దవడ బిగిసింది. ఆమె తింటోంది, నేను శిక్ష అనుభవిస్తున్నాను, ఆమెకి ఆ సంగతే తెలియదు. తెలుసా. తెలిసే ఊరుకుందా. చెప్పొచ్చు కదా, నాకిదే ఇష్టమండీ అని ఒక్క మాట. అది కాదండీ, ఇది అలాగే, అంది కదా. చెప్పబోయింది. మిగతా మాట పళ్ళెంతో పాటు విసిరాను. కంచం లాక్కున్న రోజైనా చెప్పొచ్చు కదా. ఆవేళ నేను పారబోసింది ఆమె పరమాన్నం. పోయిన ఏడు ఇదే రోజుల్లో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి, తాటిపళ్ళు రాలుతున్నాయా అండీ అని అడిగింది. నీకెందుకిప్పుడు అన్నాను. మందు మత్తులో మాట్లాడుతోందనుకున్నాను. శనివారం దాటిపోయిందేమో అని చూసుకుంటోందన్నమాట. నీకెందుకిప్పుడు. ఆ తర్వాత మంచినీళ్ళు అడిగింది, హేమని అడిగింది, నన్ను ఏమీ అడగలేదు.

"పోయినేడు రాలేదు," అంది ముసలామె. చేట ఆగింది. "తమ్ముడూ రాలేదు. చెక్క తీసి నాలుగు రోజులు ఉట్టిలో పెట్టా. చీమలు పట్టినయ్. ఫోను నంబరు ఇయ్యవే అంటే, ఆయన ఎత్తుతాడు పిన్నీ అని ఇచ్చేది కాదు. ఒంట్లో బావుండలేదేమో. ఈ ఏడు వచ్చుద్ది. ఇవాళో, పై శనివారమో." గట్టు చివరికి చూసింది. నేనూ చూశాను. ఒక ఆటో వచ్చి, వలల మూటలు దింపి, వెళ్ళిపోయింది.

చెప్పాలి. చెబితే నేనెవరో చెప్పాలి. చెప్పకపోతే ఈమె పై శనివారం చూస్తుంది, ఆ పై శనివారం చూస్తుంది, ఉట్టిలో పెడుతుంది. చూడనీ. నాకేమిటి. నేను వచ్చింది రొట్టె కోసం. రొట్టె పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టి, సువర్ణకి ఇది ఇష్టం అని అందరి ముందు చెప్పి, మార్కు మొహం చూడాలి. వాడు ఏం చేస్తాడు. నవ్వుతాడా. ఇరవయ్యేళ్ళు దీని చెక్క కోసం అక్కతో కొట్టుకున్నవాడి ముందు నేను మెత్తటి పిండి పెట్టి ఇదే అంటాను. వాడు నోరు మెదపడు. పాపం, అంత దూరం వెళ్ళి తెచ్చాడు అనుకుంటాడు. ఊక బస్తా అన్నందుకు ఇరవైరెండేళ్ళు ఉడికాను. వాడు జాలిపడితే ఎన్నేళ్ళు పడుతుంది.

పన్నెండుకి పదిహేను నిమిషాలుండగా లేచింది. చీపురుతో మూత మీద బూడిద తోసింది, తడిగుడ్డతో పట్టుకుని ఎత్తింది. ఆవిరి. ఆ అద్దె గది తలుపు తీసినట్టే అయింది. గిన్నెని అరిటాకు మీద బోర్లించి అడుగున నాలుగు దెబ్బలు కొట్టింది. రొట్టె జారింది, నల్లటి వైపు పైకి. కత్తి అడ్డంగా పెట్టి ఆ నల్లదాన్ని మొత్తం పళ్ళెంలా ఒక్క చెక్కగా లేపి పక్కన పెట్టింది. మిగతా పసుప్పచ్చటి రొట్టెని ఆకులో చుట్టి నారతో కట్టింది.

"ఇదిగో బాబూ. పరిగెత్తు, దొరుకుద్ది బస్సు."

"ఆ మాడు చెక్క కూడా కావాలి."

"అది ఇయ్యను. సువర్ణది."

పొట్లం చేతిలో వేడిగా ఉంది. సంఘానికి ఇది చాలు. పాస్టరు గారు బావుందంటారు. ఎవరూ తప్పు పట్టరు. తాటిరొట్టె అన్నాను, తాటిరొట్టె తెచ్చాను. సెంటర్లో బస్సువాడు హారను కొట్టాడు. నాలుగడుగులు వేశాను. ఉట్టి చప్పుడైంది వెనక. చెక్క పెట్టడానికి దించుతోంది.

"సువర్ణ రాదమ్మా," అన్నాను.

"నీకెట్టా తెలుసు?"

"పోయింది. ఇవాళ్టికి ఏడాది."

ఉట్టి అలాగే పట్టుకుంది. నా వంక చూడటం మొదలుపెట్టింది. చొక్కా, చేతులు, మోచేతి మీద బాయిలరు తలుపు కాల్చిన పాత మచ్చ. అడగకముందే చెప్పాను. "నేను ఆ బాయిలరు మనిషిని."

తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది, తిట్టుకి తిట్టు చెప్పడం నాకు వచ్చు.  చెక్కని రెండు చేతుల్తో పట్టుకుని విరిచింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఒక సగం చిన్న ఆకులో పెట్టి నా పొట్లం మీద ఉంచింది. రెండో సగం ఉట్టిలో పెట్టి పైకి లాగింది.

"జాగర్త," అంది. "ఇంకా చల్లారలేదు."

బస్సు కదులుతుంటే ఎక్కాను. కండక్టరు ఏదో అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని, రొట్టె ఒళ్ళో పెట్టుకుని, హేమకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావు నాన్నా? ఎన్నిసార్లు చేశాను!"

"కోడూరు బస్సులో. మూడున్నరకి వస్తాను. మాడు చెక్క కూడా దొరికింది. సగం."

అవతల కుర్చీలు వేస్తున్న చప్పుడు. ఆ చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టుంది.

"మాడు చెక్క అని నీకెవరు చెప్పారు?" అంది.

"నీకు తెలుసా?"

"నాకు తెలుసు. మావయ్యకి తెలుసు. స్త్రీల కూటంలో అందరికీ తెలుసు నాన్నా. ఆ శనివారం ఎవరో ఒకరు అమ్మకి అవనిగడ్డదాకా తోడు వెళ్ళేవాళ్ళు."

పక్కన చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఊరంతా తెలిసిన సంగతి అది. ఒక్క మనిషికి తెలియకుండా ఇరవయ్యేళ్ళు కాపాడారు.

"మార్కుని ముందు లేవమను," అన్నాను.

"నువ్వో?"

"వాడి తర్వాత."

పెట్టేశాను. చిన్న ఆకు విప్పాను. మూల ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాను. పక్క సీటు మనిషి చప్పుడుకి తిరిగి చూశాడు. చేదు లేదు. బెల్లం పాకం అడుగంటి గట్టిపడిన రుచి, కొబ్బరి, కొంచెం పొగ. ఇంత బావుంటుందని ఈ వయసులో తెలియడం నాకు కోపం తెప్పించింది. ఇంకో ముక్క విరిచాను. అవనిగడ్డ ఇంకా రాలేదు. నాలుగింటికి ఎంత మిగులుతుందో చెప్పలేను.